మోడు, డేగ, సీతాకోకచిలుక

అవయవాలకన్నా వేరుగా అవయవి అనేది నిజంగా ఉన్నదా, లేక అవయవాల గుంపుకు వాడుక కోసం పెట్టుకున్న పేరేనా అన్న ప్రశ్న మీద భారతీయ దార్శనికులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. దారాలను కలిపి నేసినప్పుడు పుట్టే బట్ట దారాలకన్నా వేరైన కొత్త ద్రవ్యమని, అది దారాలలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో నిలిచి ఉంటుందని న్యాయవైశేషికులు చెప్పారు. చక్రాలు, ఇరుసు, నొగ తీసివేస్తే మిగిలే రథమంటూ ఏదీ లేదని, రథమన్నది వ్యవహారనామం మాత్రమేనని, మిళింద మహారాజుతో నాగసేనుడు జరిపిన సంభాషణ మొదలుకొని బౌద్ధులు చెబుతూ వచ్చారు. ఇంత విభేదంలోనూ రెండు పక్షాలూ తగవు పెట్టుకోని ఉదాహరణలు రెండున్నాయి: సేన, వనం. దూరం నుంచి చూసేవాడికి ఏనుగులూ గుర్రాలూ కాలిబంట్లూ విడివిడిగా కనబడక సేన ఒకటే వస్తువుగా తోస్తుంది. చెట్ల మధ్య ఎడం కనబడక అడవి ఒకటిగా తోస్తుంది. దగ్గరికి వెళితే ఆ ఒకటితనం చెదిరిపోతుంది. న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో ఈ దృష్టాంతం పూర్వపక్షంగా వస్తుంది. బట్ట కూడా సేనలాంటిదే ఎందుకు కాకూడదన్నది ప్రతివాది ప్రశ్న. పరమాణువులు ఏనుగుల్లా కంటికి కనబడేవి కావు గనుక ఆ పోలిక పొసగదన్నది న్యాయసూత్రకర్త గౌతముడి సమాధానం. సేన వట్టి సమూహమేనన్న సంగతిని మాత్రం ఆ సమాధానం కదిలించలేదు.

ఒక ప్రాంతంలో బతికే ఒక జాతి ప్రాణులన్నిటినీ కలిపి జీవశాస్త్రం జనాభా అంటుంది. ఒక కీటకజాతి జనాభా బట్టలాంటిదా, సేనలాంటిదా? ప్రాచీనులు ఈ ప్రశ్న వేసుకోలేదు, వేసుకోవలసిన అవసరమూ వారికి కలగలేదు. కాని జీవావరణశాస్త్రం గత యాభై అరవై ఏళ్ళలో పోగుచేసిన సాక్ష్యం దీన్ని తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నగా మార్చింది. జనాభా వట్టి సేన అయితే అందులోని ఒక్కొక్క ప్రాణినీ కాపాడితే అంతా కాపాడినట్లే. అలా కాకపోతే, ఏ ఒక్క ప్రాణికీ హాని చేయకుండానే మొత్తం జాతిని ఆ నేల మీద లేకుండా చేయడం సాధ్యమవుతుంది. అహింసను ధర్మాలలో మొదటిదిగా ఎంచుకున్న సంప్రదాయాలకు ఈ రెండవ వికల్పం చిన్న సంగతి కాదు.

బాల్టిక్ సముద్రంలో ఫిన్లాండుకూ స్వీడనుకూ నడుమ ఆలాండ్ అనే ద్వీపసముదాయం ఉంది. సుమారు 50 కిలోమీటర్లకు 70 కిలోమీటర్ల పరిధిలో, పొలాల గట్ల మీద, రాతినేలల మీద, ఊళ్ళ పక్కన దాదాపు 4,000 చిన్న పచ్చికలు చెదిరి ఉన్నాయి. వాటిలో చాలావాటి విస్తీర్ణం అర ఎకరం కూడా ఉండదు. నారింజరంగు మీద నల్లని గళ్ళున్న రెక్కలతో ఉండే గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకకు ఆ పచ్చికలే ఇళ్ళు, ఎందుకంటే దాని గొంగళిపురుగులు తినే రెండు మొక్కలు అక్కడే పెరుగుతాయి; వాటిలో ఒకటి తెలుగువారు ఇసబ్గోల్‌గా ఎరిగిన మొక్కకు దగ్గరి చుట్టం. ఫిన్లాండు ప్రధానభూభాగంలో ఈ జాతి 1970ల చివరికే అంతరించింది, ఆలాండ్‌లో మిగిలింది. హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన ఇల్క హాన్‌స్కి 1990ల తొలినాళ్ళలో అక్కడ మొదలుపెట్టిన పరిశీలన, ఆయన 2016లో మరణించిన తరువాత కూడా కొనసాగింది. గుడ్లను ఆకు మీద ఒకేచోట 100 నుంచి 200 దాకా గుంపుగా పెట్టడం, వాటినుంచి పుట్టిన తోబుట్టువులన్నీ కలిసి తెల్లని పట్టుగూడు అల్లుకొని అందులో శీతకాలం గడపడం ఈ జాతి లక్షణం. శరత్తులో ఆ గూళ్ళు గడ్డిలో స్పష్టంగా కనబడతాయి గనుక, ఏ పచ్చికలో ఈ జాతి ఉన్నదో ఏ పచ్చికలో లేదో ఏటేటా లెక్కించడం సాధ్యమైంది.

ఆ లెక్కలలో తేలిన విషయం ఇది. ఏ సంవత్సరంలో చూసినా 4,000 పచ్చికలలో ఎక్కువభాగం ఖాళీ. కొన్ని వందలలో మాత్రమే సీతాకోకచిలుకలు ఉంటాయి. ఉన్న చోటా అవి నిలకడగా ఉండవు. ఒక పచ్చికలో రెండు మూడు గూళ్ళు మాత్రమే ఉండి, ఎండకు మొక్కలు వాడినా, పరాన్నజీవి కందిరీగలు గొంగళిపురుగులలో గుడ్లు పెట్టినా, ఆ చిన్న జనాభా మరుసటి ఏటికి మాయమవుతుంది. అదే సమయంలో నిన్నటిదాకా ఖాళీగా ఉన్న మరో పచ్చికలోకి ఎక్కడినుంచో వచ్చిన ఆడది గుడ్లు పెడుతుంది. భాగాలలో ఏదీ ఎక్కువకాలం ఉండదు, మొత్తం మాత్రం ఉంటుంది. ఇలా చావుపుట్టుకల నడుమ నిలిచే జనాభాల జనాభాకు అమెరికన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవిన్స్ మెటాపాప్యులేషన్ అని పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని అధిజనాభా అనవచ్చు. ఆయన 1969లో ప్రకటించిన తొలి గణితరూపం పంటలను తినే పురుగుల నియంత్రణ గురించి పుట్టినదే.

ఈ వర్ణన వినగానే బౌద్ధుల సంతానవాదం గుర్తుకు రావడం సహజం. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాములోని జ్వాల, చివరి జాములోని జ్వాల ఒకటీ కావు, పూర్తిగా వేరూ కావు. క్షణక్షణం నశిస్తూ తరువాతిదాన్ని పుట్టించే ఆ కార్యకారణధారకే సంతానం అని పేరు. నైయాయికుల అవయవి కన్నా ఇది ఆలాండ్‌కు బాగా నప్పుతుంది, ఎందుకంటే ఒక దారం లాగేస్తే పాత బట్ట నశించి కొత్త బట్ట పుడుతుందన్న నైయాయికుల నియమాన్ని ఇక్కడ వర్తింపజేస్తే ఏ రెండు ఏళ్ళలోనూ ఆలాండ్ జనాభా ఒకటే అని అనడానికి వీలుండదు. అయినా సంతానవాదంతో ఒక పేచీ ఉంది. బౌద్ధుల సంతానాలు ఒకదానితో ఒకటి కలిసి ఒకటైపోవు. ఒకరి కర్మఫలం మరొకరి ధారలో పండకూడదు గనుక ఏ ధార దానిదే. ఈ సీతాకోకచిలుకలలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. రెండు ధారలు కలిస్తే తప్ప మూడవది పుట్టదు. దీపం నుంచి దీపం వెలిగించినట్టు కాక రెండు వత్తులను పేనితేనే వెలిగే దీపం అది. అందువల్ల ఇక్కడ తేల్చవలసింది ధార ఎలా సాగుతుందని మాత్రమే కాదు, కలయిక అంటే ఏమిటని.

కలయికను వైశేషికులు సంయోగం అన్నారు. దాన్ని ద్రవ్యంగా కాక గుణంగా లెక్కించారు. రెండు ద్రవ్యాలను ఆశ్రయించి ఉండే గుణమిది. రంగులాగా ఒకే వస్తువులో ఒంటరిగా ఉండలేదు. సమవాయం నిత్యం, సంయోగం అనిత్యం. వారిలో ప్రశస్తపాదుడు సంయోగాన్ని మూడు విధాలుగా విభజించాడు. రెండింటిలో ఒకటి కదలడం వల్ల పుట్టేది మొదటిది: కదలని మోడు మీదికి డేగ వచ్చి వాలడం దీనికి ఉదాహరణ. రెండూ కదలడం వల్ల పుట్టేది రెండవది: తలపడే ఇద్దరు మల్లులు, లేదా రెండు పొట్టేళ్ళు. సంయోగం వల్లనే పుట్టే సంయోగం మూడవది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో ఈ చివరిదానికి ఇచ్చిన ఉదాహరణ తర్కం చదువుకున్న ప్రతి విద్యార్థికీ తెలిసినదే: చేయి పుస్తకాన్ని తాకింది, చేయి పుస్తకాన్ని తాకింది కనుక శరీరం కూడా పుస్తకాన్ని తాకింది.

మోడు, పొట్టేళ్ళు, పుస్తకం వంటి మామూలు వస్తువుల కోసం చేసిన ఈ విభాగం సీతాకోకచిలుకల జీవితానికి ఎంత కచ్చితంగా అమరుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పచ్చిక కదలదు, సీతాకోకచిలుక వచ్చి వాలుతుంది: ఇది మోడు, డేగల సంయోగం. ఆడ, మగ రెండూ ఎగురుతూ కలుసుకుంటాయి: ఇది పొట్టేళ్ళ సంయోగం. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఈ జాతిలో ఆడది సాధారణంగా పుట్టిన పచ్చికలోనే, రెక్కలు విప్పిన తొలి రోజుల్లోనే జతకడుతుంది, చాలావరకు జీవితంలో ఒక్కసారే. ఆ తరువాతే అది బయలుదేరుతుంది. కనుక రెండు కిలోమీటర్లు దాటి ఖాళీ పచ్చికలో వాలేది ఒంటరి ప్రాణి కాదు. వెనక విడిచివచ్చిన పచ్చికలోని మగదానితో జరిగిన సంయోగాన్ని అది తన ఒంట్లో మోసుకువస్తుంది. చేయి ద్వారా శరీరం పుస్తకాన్ని తాకినట్టే ఆ ఆడదాని ద్వారా ఒక పచ్చిక మరో పచ్చికను తాకుతుంది. జతకట్టక ముందే ఎగిరిపోయే అలవాటు ఈ జాతికి ఉండి ఉంటే ఖాళీ పచ్చికను నింపడానికి ఒక్క ఆడది చాలేది కాదు. ఒకే వేసవిలో, ఒకే అర ఎకరంలో ఆడ, మగ రెండూ విడివిడిగా వచ్చి వాలవలసి వచ్చేది. ముందు జతకట్టి తరువాత వెళ్ళడమా, ముందు వెళ్ళి తరువాత జతకట్టడమా అన్న ఈ చిన్న క్రమభేదం మీద ద్వీపసముదాయం మొత్తంలో ఒక జాతి ఉండడం, ఊడడం ఆధారపడుతుంది.

సంయోగం ద్వారా సంయోగం ఎంత దూరం పోగలదో సొట్టుంగా అనే దీవి చూపింది. 1991లో పరిశోధకులు ఈ సీతాకోకచిలుకను, అది లేని ఆ దీవిలోకి గొంగళిపురుగుల రూపంలో తెచ్చి వదిలారు. ఆ గొంగళిపురుగులలో కొన్నిటిలో పరాన్నజీవి కందిరీగ పిల్లలున్నాయి. ఆ కందిరీగను ఆశ్రయించి బతికే మరో కందిరీగ ఉంది. మొదటి కందిరీగ కణాలలో వోల్బాకియా అనే బాక్టీరియా ఉంది. ఒక ప్రాణిని తెచ్చామనుకున్న చోట నాలుగు ప్రాణులు దిగాయి, అక్కడినుంచి పక్క దీవులకూ కొన్ని పాకాయి. ఏకం అనుకున్నదాని లోపల ఎన్ని సంయోగాలు దాగి ఉంటాయో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

సంయోగమే అసాధ్యమని వాదించిన దార్శనికుడు లేకపోలేదు. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తున్నదో ఆ నాగార్జునుడు మూలమధ్యమకకారికలలో సంసర్గాన్ని, అంటే కలయికను, ఒక ప్రకరణమంతా పరీక్షించాడు: ఒకటే అయినది తనతో తాను కలవదు, పూర్తిగా వేరైనది దేనితోనూ కలవలేదు, కనుక స్వతస్సిద్ధమైన స్వభావం గల వస్తువుల నడుమ కలయిక పొసగదు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోకూడదు. సీతాకోకచిలుకల పరిశోధనలోని ఒక ఫలితం అనుకోకుండా దీనికే ఉదాహరణలా ఉంది. 1998లో వెలువడిన అధ్యయనంలో 42 పచ్చికల జనాభాలను పరీక్షించగా వాటిలో 7 ఒక ఏడాదిలో అంతరించాయి. ఏ జనాభాలలో జన్యువైవిధ్యం తక్కువగా ఉన్నదో, అంటే దగ్గరి బంధువులే జతకడుతూ వచ్చాయో, వాటికే ఆ ప్రమాదం ఎక్కువని తేలింది. దీన్నే అంతఃప్రజననం అంటారు. మరీ ఒకటే అయినవి కలిస్తే కలయిక నిష్ఫలమవుతుంది. మరో పక్క, మరీ విడిగా ఉన్నవి కలవనే కలవవు: పచ్చికలో సంఖ్య బాగా పడిపోయినప్పుడు జత దొరకని ఆడవాటి పాలు పెరుగుతుందని, తోటివి తక్కువైన చోటు నుంచి మగవి త్వరగా వెళ్ళిపోతాయని ఆలాండ్‌లోనే గమనించారు. సంఖ్య తగ్గడమే సంఖ్య ఇంకా తగ్గడానికి కారణమయ్యే ఈ స్థితికి ఆలీ ప్రభావం అని పేరు. అయితే నాగార్జునుడు కలయిక స్వభావసిద్ధం కాదన్నాడే గాని వ్యవహారంలో అది జరగదనలేదు. ఒకటితనానికీ పరాయితనానికీ నడుమ, కొంత పోలిక, కొంత తేడా ఉన్న సన్నని చోటనే కలయిక పండుతుందన్నది కీటకాల సాక్ష్యం. ఆ చోటు ఏ ఒక్క ప్రాణి స్వభావంలోనూ లేదు, ప్రాణుల మధ్య దూరంలో ఉంది.

వైశేషికులు సంయోగంతో పాటు విభాగాన్ని కూడా, అంటే విడిపోవడాన్ని కూడా, వేరే గుణంగా లెక్కించారు. కలయిక లేకపోవడమే విడిపోవడం అని సరిపెట్టుకోలేదు. ఈ సూక్ష్మబుద్ధిని మెచ్చుకోకుండా ఉండలేము. అధిజనాభా నిలవాలంటే పచ్చికలు ఒకదానికొకటి అందేటంత దగ్గరగా ఉండాలి. కాని అన్నీ ఒకేసారి చచ్చిపోనంత విడిగానూ ఉండాలి. ఒక పచ్చిక ఎండిన ఏడు మరొకటి పచ్చగా ఉంటేనే అక్కడినుంచి ఇక్కడికి రావడానికి ఎవరైనా మిగులుతారు. 2018 వేసవిలో వచ్చిన తీవ్రమైన కరువు ఆలాండ్ అంతటా ఒకేసారి మొక్కలను మాడ్చినప్పుడు, ఆ ఏటి గూళ్ళ సంఖ్య పరిశీలన చరిత్రలో ఎన్నడూ లేనంతగా కుప్పకూలింది. వాతావరణం ద్వీపాలన్నిటినీ ఒకే తాటి మీదికి తెచ్చినకొద్దీ విభాగం పోతుంది, విభాగం పోతే సంయోగానికి పనిలేదు.

లెవిన్స్ లెక్కను మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. నూరు పచ్చికలున్న ఒక ప్రాంతంలో అంతరించడం, మళ్ళీ నిండడం ఒకదానికొకటి సరితూగి, సగటున 30 పచ్చికలలో జీవం, 70 ఖాళీగా ఉన్నాయనుకుందాం. ఆ 70 ఖాళీలు వృథా కావు. చనిపోయే జనాభాలకు బదులు పుట్టబోయే జనాభాలు వాలే మోడులు అవి. ఇప్పుడు ఎవరో ఒకరు, సీతాకోకచిలుకలంటే ప్రేమ ఉన్నవాడే, జీవం ఉన్న 30 పచ్చికలను ముట్టకుండా, ఖాళీవాటిలో మాత్రమే 30 దున్నేశాడు. ఒక్క గుడ్డు నలగలేదు, ఒక్క రెక్క విరగలేదు. మిగిలినవి 70. ఆ నమూనా ప్రకారం, మిగిలిన పచ్చికల సంఖ్య మునుపటి ఖాళీల సంఖ్యను మించకపోతే అధిజనాభా నిలవదు. కొత్తగా నిండే వేగం అంతరించే వేగాన్ని అందుకోలేక, కొన్ని ఏళ్ళకో కొన్ని దశాబ్దాలకో అన్ని పచ్చికలూ నిశ్శబ్దమవుతాయి. నిజమైన నేలలు ఈ నమూనా అంత సరళంగా ఉండవు, పచ్చికలు చిన్నా పెద్దా దగ్గరా దూరం తేడాలతో ఉంటాయి; హాన్‌స్కి జీవితకాలపు కృషిలో పెద్దభాగం ఆ తేడాలను లెక్కలోకి తేవడమే. తర్కం మాత్రం మారదు.

సేనతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. సైనికుడు ఒక్కడు కూడా లేని ఖాళీ మైదానాన్ని దున్నితే సేన చావదు. కాబట్టి కీటకజనాభా వట్టి సమూహం కాదు. అలాగని దారాల బట్ట కూడా కాదు, సమవాయమనే నిత్యబంధం దీన్ని ఎక్కడా పట్టి ఉంచడం లేదు. వైశేషికుల పదార్థాల పట్టికలో నిలకడ లేని ఒక గుణం, వేసవికి ఒకసారి పుట్టి పోయే సంయోగం, దీనికి ఆధారం; ఇంకా పుట్టని సంయోగానికి చోటిచ్చే ఖాళీ నేల దీని అవయవాలలో ఒకటి. ఇందువల్ల ప్రాచీనులకు జీవావరణశాస్త్రం తెలుసునని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు, అలా చెప్పడం వారికీ శాస్త్రానికీ అన్యాయమే. వారు సానబెట్టిన మాటలు ఇప్పటి ప్రశ్నను స్పష్టంగా అడగడానికి పనికివస్తున్నాయి, అంతవరకే.

అహింస గురించిన ప్రశ్న దీనితో మరింత బరువెక్కుతుంది. ప్రాణిని చంపకపోవడమే అహింస అని అర్థం చెప్పుకుంటే ఖాళీ పచ్చికను దున్నినవాడు నిర్దోషి. అయితే సంప్రదాయం అంత ఇరుకుగా ఆలోచించలేదు. తత్త్వార్థసూత్రకారుడైన ఉమాస్వాతి హింస నిర్వచనంలో ప్రాణహానితో పాటు ప్రమత్తతను, అంటే ఒళ్ళు మరచిన అజాగ్రత్తను, చేర్చాడు. అడుగు ఎక్కడ పడుతున్నదో చూసుకుంటూ నడవడాన్ని జైనులు నియమంగా పాటించారు. వానకాలంలో బౌద్ధభిక్షువులు ఊరూరా తిరుగుతూ లేతగడ్డినీ చిన్నప్రాణులనూ తొక్కుతున్నారని జనం నిందించడం వల్ల బుద్ధుడు వర్షావాసాన్ని నియమించాడని వినయపిటకం చెబుతుంది. చిన్నప్రాణుల తిరుగుడు కాలంలో మనుషుల తిరుగుడు ఆగాలన్న ఆ నియమంలో, ప్రాణం మాత్రమే కాదు, ప్రాణి కదలిక కూడా మన్నించవలసినదన్న భావానికి బీజం ఉంది. ఇప్పుడు కావలసింది ఆ బీజాన్ని మరో అడుగు ముందుకు తీసుకువెళ్ళడం: ప్రాణి ఇంకా రాని చోటు పట్ల కూడా అజాగ్రత్త ఉండగలదని ఒప్పుకోవడం.

పంటను తినే పురుగు విషయంలో ఈ ధర్మం ఎలా వర్తిస్తుందన్నది న్యాయమైన ఎదురుప్రశ్న, తెలుగునేలల పత్తిరైతుకు అది పుస్తకాల ప్రశ్న కాదు. గులాబీ రంగు పురుగు రెక్కలపురుగుగా మారి ఒక చేను నుంచి మరో చేనుకు ఎగురుతుంది, రాత్రివేళ ఆడది వదిలే వాసనను పట్టుకొని మగది వెతుక్కుంటూ వస్తుంది. ఆ వాసననే ఎరగా పెట్టిన లింగాకర్షక బుట్టలు చేలల్లో కనబడేవే. సంయోగాన్ని తెంపడం ద్వారా చంపకుండానే సంఖ్యను తగ్గించే ఉపాయం కూడా ఉంది: చేనంతా ఆ వాసన నింపితే మగది దారితప్పుతుంది. ఇంతకన్నా ఆలోచింపజేసేవి, పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి చుట్టూ నాటమన్న రెఫ్యూజీ, అంటే ఆశ్రయ, వరుసలు. భారతదేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పటినుంచి 450 గ్రాముల విత్తన ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం ఇచ్చేవారు. ఆ వరుసలలో పురుగులు బతకాలి. అలా బతికినవి, బీటీ విషాన్ని తట్టుకొని మిగిలిన అరుదైన పురుగులతో జతకట్టాలి. తట్టుకునే గుణం అంతర్గత లక్షణం, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడేది, కనుక వాటి పిల్లలు మళ్ళీ బీటీకి లొంగుతాయి. చాలామంది ఆ చిన్న సంచిని పక్కన పడేశారు. పురుగును పెంచమని రైతుకు చెప్పడం వినడానికే వింతగా ఉంటుంది, ఒక్కొక్క గింజకూ అప్పు తెచ్చినవాడిని ఇందుకు తప్పుపట్టడం తగదు. ఆ వరుసలు ఎందుకో అతనికి అర్థమయ్యేలా చెప్పినవారు తక్కువ. జరిగింది మాత్రం జరిగింది: 2010 నాటికి గుజరాత్‌లో బీటీకి లొంగని గులాబీ పురుగు కనిపించింది, కొన్నేళ్ళలో మధ్య, దక్షిణ భారతాలకు వ్యాపించింది. గృహస్థుడు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. వండిన అన్నంలో కొంత చీమలకూ పురుగులకూ వదలడం అందులో భాగం. ఆ విధి పుట్టినప్పుడు దాని వెనక జన్యుశాస్త్రం లేదు. కాని పంటలో కొంత పాలు పురుగుకు వదలకపోతే పంటే నిలవదన్న స్థితి ఇరవై ఏళ్ళలోపు చేలల్లో నిజమై కూర్చుంది.

ఆలాండ్‌లో ప్రతి శరత్తులోనూ విద్యార్థులు పచ్చిక పచ్చికకూ నడిచి, గడ్డిలో వంగి తెల్లని గూళ్ళ కోసం వెతుకుతారు. క్రిందటి ఏట గూళ్ళున్న చోట్లకు మాత్రమే కాదు, ఏళ్ళ తరబడి ఏదీ దొరకని చోట్లకు కూడా వెళతారు. అక్కడ మేత మొక్కలు ఉన్నాయా, గడ్డి ఎంత పెరిగింది, పశువులు మేశాయా అని చూసి, గూళ్ళ సంఖ్య దగ్గర సున్నా రాసుకుంటారు. ఆ పుస్తకాలలో ఎక్కువ వరుసలు సున్నాలే. తరువాతి పచ్చికకు బయలుదేరేముందు ఆ సున్నాను కూడా పచ్చిక పేరుతో, తేదీతో సహా నమోదు చేస్తారు.